వేలాడే మాస్టారు

మా ఆఫీసులో ఒకాయన ఉండేవారు. ఆయనకు సిగరెట్టు లేదు, పేకాట లేదు, ముక్కుపొడి అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఎదుటివాడి నోట ఇంగ్లీషు మాట ఒకటి దొర్లితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి, లాటిన్ దాకా ఈడ్చుకెళ్లి, చివరికి అది ఎక్కడ వేలాడుతోందో చూపించాలి. అందుకే ఆయన్ని వేలాడే మాస్టారు అనేవాళ్లం. చాటుగా అనుకోండి. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. అంటే దానికీ ఒక పాఠం చెబుతారని భయం.

ఒకప్పుడు బళ్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. తర్వాత మా కంపెనీ ఉత్తరాల్లో భాష దిద్దే ఉద్యోగంలో చేరారు. కాలేజీలో ఎవరో ముసలి లెక్చరరు దగ్గర కాస్త లాటిన్ నేర్చుకున్నారట. ఆ కాస్తలో ‘పెండెరె’ అనే మాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు. వేలాడటం అని దానర్థం. దాని పిల్లలూ మనవలూ ఇంగ్లీషులో ఏయే మాటల్లో కాపురం ఉంటున్నారో ఆయన దగ్గర వంశవృక్షం మొత్తం ఉండేది. పొద్దున్నే పొరపాటున “మాస్టారూ, నా ఫైలు పెండింగులో ఉందా?” అని అడిగామా, ఇక ఆ పూటకి మన పని అంతే.

“పెండింగ్! ఎంత మాటన్నావు నాయనా! వేలాడుతోంది అన్నావు. నీ ఫైలు తెగదు, పడదు, చూరు పట్టుకుని అలా వేలాడుతూ ఉంటుంది.”

“సరే మాస్టారూ, ఎప్పుడు దించుతారు?”

“దాని సంగతి తర్వాత. ముందు గోడగడియారంలో పెండ్యులం సంగతి విను.”

వినక చస్తామా? అప్పటికే మన చొక్కా చేయి ఆయన పిడికిట్లో ఉండేది. మాట పూర్తయ్యేదాకా వదిలేవారు కాదు. ఆయన దెబ్బకి మా సెక్షను మగాళ్లందరం పొట్టి చేతుల చొక్కాలకి మారిపోయాం. ఆయన మోచేయి పట్టుకోవడం మొదలుపెట్టారు.

మా టైపిస్టు గడుసుది. ఒకరోజు కావాలనే అడిగింది. “పెన్ను కూడా మీ వాళ్లేనా మాస్టారూ? జేబుకి వేలాడుతుంది కదా?”

ఆయన మొహం జేవురించింది. “పెన్ను ఈకమ్మా! పక్షి ఈక! దాని కుటుంబం వేరు, దీని కుటుంబం వేరు. ఎవర్ని పడితే వాళ్లని తెచ్చి మా వాళ్లంటే ఊరుకోను!”

ఇదంతా సరదాగానే ఉండేది. ఎటొచ్చీ ఆయనకు సమయం సందర్భం లేవు. మా అకౌంటెంటుని ఒకసారి సస్పెండ్ చేశారు. అతను మనిషి పొట్టి, కోపం పొడుగు. కాగితం చూడగానే చెవులు ఎర్రబడి, మేనేజరు గది మీదికి దూసుకెళ్తుంటే గుమ్మం దగ్గర మాస్టారు అడ్డుపడి చొక్కా పట్టుకున్నారు. “సస్పెండ్ అంటే ఏమిటనుకున్నావు? కింది నుంచి పట్టి పైన వేలాడదీయడం. ఉద్యోగం ఎక్కడికీ పోలేదు నాయనా, కొక్కేనికి తగిలించారంతే.” ఆ కొక్కెం కథ ఎంతకీ తెమల్లేదు. ఈలోగా మేనేజరు ఇంటికెళ్లిపోయాడు. మర్నాడు ఎవరో పొరపాటు ఒప్పుకుని ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు గానీ, అకౌంటెంటు మాత్రం చాలా రోజులు మాస్టారిని చూస్తే పళ్లు నూరేవాడు.

మా చెల్లెలికి అర్జంటుగా అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు నాకూ పళ్లు నూరే అవకాశం వచ్చింది. మేం థియేటరు తలుపు వంక చూస్తూ కూర్చుంటే ఆయన వచ్చి, మా అమ్మ పక్క బెంచీ మీద తిష్ఠ వేసి అపెండిక్స్ ఎత్తుకున్నారు. “తోకలా అంటిపెట్టుకుని వేలాడేదమ్మా. పుస్తకం చివర కూడా ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కోసేసినా పుస్తకానికి లోటు లేదు, దీన్ని కోసేసినా పిల్లకి లోటు లేదు.” మా అమ్మ నా వైపు తిరిగి, “ఒరే, ఈయన్ని ముందు ఇక్కణ్ణించి పంపించెయ్యరా బాబూ!” అంది. ఆయన వెళ్లలేదు. డాక్టరు బయటికి వచ్చేదాకా ఆవిడ ఆయన్ని తిడుతూనే ఉంది.

ఇన్ని వేలాడే మాటలతో కాపురం చేసే మనిషికి ఎత్తంటే చచ్చే భయం. మా ఆఫీసు తొమ్మిదో అంతస్తు. ఆయన కిటికీలకి ఆమడ దూరంలో, లోపలి గోడకి ఆనుకుని బల్ల వేయించుకున్నారు. లిఫ్టులో కళ్లు మూసుకుని పక్కవాడి భుజం పట్టుకునేవారు. బల్బు మార్చడానికి ఎవరైనా స్టూలెక్కితే ఆయన మొహం తిప్పేసుకునేవారు.

ఇక ఆ రోజు సంగతి. మా భవనానికి బయట రంగులు వేస్తున్నారు. డాబా మీది నుంచి రెండు కొసలా రెండు తాళ్లకి ఒక పొడుగాటి ఇనప తొట్టి కట్టి దించుతారు. అందులో నిలబడి ఒక పెయింటరు, అతని బావమరిది పని చేస్తున్నారు. భోజనాల తర్వాత తొట్టి సరిగ్గా మా కిటికీ ఎదుటికి వచ్చింది. అప్పుడే పైన తాళ్లు దించే రెండు మోటార్లలో ఒకటి బిగుసుకుపోయింది. రెండోది ఆగకుండా తాడు వదిలింది. తొట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది.

రంగు బకెట్టు జారుతూ వెళ్లి, అంచు దాటి, కిందికి పోయింది. ఆ చప్పుడు మాకు వినిపించడానికి ఎంతో సేపు పట్టినట్టనిపించింది. అది మేనేజరు కొత్త కారు మీద పడిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కారు గురించి ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు, ఆయనతో సహా.

బావమరిది పైకి లేచిన కొసన ఉన్నాడు, నడుముకి బెల్టు ఉంది, అది తాడుకి తగిలించి ఉంది. పెయింటరు వాలిన కొసన ఉన్నాడు. వంగడానికి అడ్డమని అతను అంతకు ముందే బెల్టు విప్పి అవతలి కొసన తొట్టి కమ్మీకి తగిలించేశాడు. బావమరిది దాన్ని అందించబోయి ఒక్క అడుగు వేశాడు. తొట్టి కిర్రుమని ఇంకాస్త వాలింది. మా పై ప్రాణాలు పైనే పోయాయి.

పైనుంచి మేస్త్రి కేక వేశాడు. “ఎవరూ కదలొద్దు! తాడు చక్రం గాడిలోంచి పక్కకి వచ్చేసింది. బరువు అటూ ఇటూ అయితే జారిపోద్ది! మెకానిక్కు బయల్దేరాడు, ఉన్నవాళ్లు ఉన్నట్టు ఉండండి!”

మా కిటికీలు తెరుచుకునేవి కావు. నిలువెత్తు అద్దాలు. పగలగొడితే పెంకులు వాళ్ల మీదే పడతాయి. అద్దం పైన ఇనప చట్రంలో చెయ్యి పట్టేంత సన్నటి సందు ఒకటి గాలి కోసం తెరిచి ఉంటుంది, అంతే. మేమందరం అద్దానికి మొహాలు ఆనించి నిలబడిపోయాం. మేనేజరు మాత్రం ధైర్యం చెప్పాడు. “భయపడకు! ఏమీ కాదు! కిందికి చూడకు!”

పెయింటరు వెంటనే కిందికి చూశాడు.

అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కాసేపు అటూ ఇటూ చూసి, కిటికీ కింద జానెడు వెడల్పున్న సిమెంటు గట్టు మీద కళ్లు నిలిపాడు. “దాని మీదికి దిగిపోతా. గోడ పట్టుకుని పక్క కిటికీ దాకా పోతా,” అన్నాడు.

“వద్దు బావా! నువ్వు కాలు తీస్తే తొట్టి పోతుంది!”

“ఉంటే మాత్రం పోదా?” అని అతను ఒక కాలు పైకెత్తాడు.

మా టైపిస్టు కళ్లు మూసుకుంది. అప్పుడు నా వెనక బల్ల జరిపిన చప్పుడైంది. చూద్దును కదా, మాస్టారు చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టి, కిటికీకి ఆనించిన బల్ల ఎక్కుతున్నారు. ఎక్కడం సగంలో నా భుజం పట్టుకుని, “కాళ్లు పట్టుకో నాయనా, గట్టిగా,” అన్నారు. పట్టుకున్నాను. ఆయన పిక్కలు గడగడలాడుతున్నాయి. ఆ వణుకు నా మోచేతుల దాకా వచ్చింది. గొంతు మాత్రం రోజూ ఉండే గొంతే.

“నాయనా! నీతో ఒక్క మాట.”

“వద్దు మాస్టారూ!” అన్నాం అందరం గుసగుసగా. “ఆయన్ని దించండయ్యా!” అన్నాడు మేనేజరు.

పెయింటరు తల తిప్పాడు. “ఇప్పుడా సార్?”

“ఇప్పుడే. నువ్వు వేలాడుతున్నావు.”

“అది నాకు తెలీదా సార్!” అని అరిచాడు అతను.

“తెలిసింది సగమే. వేలాడటాన్ని లాటిన్‌లో ఏమంటారో తెలుసా?”

“నాకెందుకు సార్ లాటిన్?”

నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. గట్టు వైపు ఎత్తిన కాలు, ఆ జవాబు చెప్పే ఊపులో మళ్లీ తొట్టిలోకి దిగింది.

“పెండెరె. పలుకు చూద్దాం.”

“మా బావకి అసలే కోపం సార్, కదిలించకండి!” అని బావమరిది మొత్తుకున్నాడు. మాస్టారు అతని వైపు చూడనే లేదు. “ఇంతకు ముందు ఏం పని చేసేవాడివి నాయనా?”

“ఇదే పని. ఇండిపెండెంట్ ఇళ్లకి వేసేవాణ్ణి. నిచ్చెన ఉంటే చాలు, హాయిగా ఉండేది.”

“ఆహా! ఇండిపెండెంట్! అంటే ఏమిటి?”

“విడిగా ఉండే ఇల్లు.”

“కాదు. దేనికీ వేలాడనిది.”

పెయింటరు ఒక్క క్షణం ఆలోచించి, బావమరిది వైపు నిప్పులు కక్కేలా చూశాడు. “విన్నావా? దేనికీ వేలాడని పని మానిపించి, తెచ్చి ఇక్కడ వేలాడదీశావు!”

“ఇక్కడ కూలి ఎక్కువని నువ్వే కదా బావా ఎగబడ్డావు!”

“ఇంటికెళ్లి మీ అక్కతో చెప్పు ఆ ముక్క!”

“ఇద్దరం వెళ్లి చెబుదాం బావా,” అన్నాడు బావమరిది.

అంతలో గాలి విసిరింది. తొట్టి వచ్చి అద్దానికి కొట్టుకుంది. పైన తాడు చిటుక్కుమంది. మా వాళ్లందరూ ఒక్కసారి వెనక్కి గెంతారు. మాస్టారు గెంతలేదు, నేను కాళ్లు పట్టుకుని ఉన్నాను కనక. గెంతేవారే కాదేమో కూడా.

“నా వల్ల కాదు సార్,” అన్నాడు పెయింటరు. ఈసారి అరవలేదు, మామూలుగా అన్నాడు. దానికే మాకు ఎక్కువ భయం వేసింది. “కాళ్లు పట్టేశాయి. నేను దిగిపోతా.”

మాస్టారు ఆ సన్నటి సందులోంచి భుజం దాకా చేయి దూర్చి అతని చొక్కా చేయి దొరకబుచ్చుకున్నారు.

“వదలండి సార్.”

“పర్పెండిక్యులర్ చెప్పకుండా వదిలే ప్రసక్తే లేదు. గోడ కట్టే మేస్త్రి దారానికి గుండు కట్టి వదులుతాడు చూశావా? అది నిటారుగా వేలాడుతుంది. గాలికి ఊగుతుంది, మళ్లీ తనంతట తనే నిలబడుతుంది. దాన్ని ఎవరూ పట్టుకోరు. ఎందుకు నిలబడుతుందంటావు?”

“ఎందుకు?”

“తనంతట తను కదలదు కనక.”

పెయింటరు కదల్లేదు.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఆయన మాటలు అయిపోకూడదని ఆఫీసంతా కోరుకుంది. మెకానిక్కు జాడ లేదు. మాస్టారి దగ్గర ఉన్న సరుకు తరిగిపోతోంది. పెండ్యులం అయింది, డిపెండ్ అయింది, మెళ్లో పెండెంటు అయింది. మధ్యలో ఆయన ఒక్క క్షణం ఆగితే మాకు ముచ్చెమటలు పోశాయి.

“పెన్షన్!” అని బల్ల పక్క నుంచి అందించాడు అకౌంటెంటు.

“అవును, పెన్షన్! మీ ఇంట్లో ఎవరికైనా వస్తుందా నాయనా?”

“మా అమ్మకి.”

“అదీ వేలాడిందే. పూర్వం ఇచ్చేదేదైనా తక్కెడకి వేలాడదీసి, తూచి ఇచ్చేవాళ్లు.”

“పెంట్‌హౌస్!” అన్నాడు మేనేజరు. అది ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలీదు. మాస్టారు దాన్నీ అందుకున్నారు, ఇంటికి తోకలా తగిలించిన వసారా అని, ఇప్పుడు నెత్తికెక్కి కూర్చుందని. ఇక మా టైపిస్టు కంగారులో ఏదో ఒకటి అందించాలని, “పెన్ను!” అని కేకేసింది.

మాస్టారు అంత ప్రమాదంలోనూ తల వెనక్కి తిప్పారు. “పెన్ను ఈక అని ఎన్నిసార్లు చెప్పాలమ్మా!”

“ఈకేంటి సార్?” అన్నాడు బయటి నుంచి పెయింటరు.

“నీకు కాదు నాయనా. అది వేరే కుటుంబం.”

ఆ తర్వాత నిజంగానే సరుకు అయిపోయింది. నేను ఆయన కాళ్లు పట్టుకుని ఉన్నాను కదా, నాకు తెలిసిపోయింది. వణుకు ఎక్కువైంది. పెయింటరు కళ్లు మళ్లీ గట్టు మీదికి వెళ్లాయి. మాస్టారు, “సినిమాలు చూస్తావా నాయనా?” అన్నారు.

“చూస్తా. సస్పెన్సు సినిమాలంటే ప్రాణం.”

“అదీ మాటంటే! అన్నిట్లోకీ గొప్ప మాట అదే. దాని కథ...” అని ఆపేశారు. “వద్దులే. అది ఇలా నిలబడి చెప్పే కథ కాదు. లోపలికి వచ్చాక, కూర్చుని చెబుతాను.”

మేం నోళ్లు వెళ్లబెట్టాం. ఆయన ఒక మాట మొదలుపెట్టి పూర్తి చెయ్యకపోవడం మా ఎరుకలో లేదు.

“ఇప్పుడే చెప్పండి సార్.”

“ససేమిరా.”

“కాస్తయినా చెప్పండి!”

“పైకి వెళ్లు, మెట్ల మీంచి నా దగ్గరికి రా, అప్పుడు.”

“ఇదేం పద్ధతి సార్? ఇంతసేపు అడక్కపోయినా చెప్పారు, ఇప్పుడు అడుగుతుంటే చెప్పరా?” అని పెయింటరు కోప్పడ్డాడు. కోప్పడుతూ కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. బావమరిది కూడా, “చెప్పండి సార్, నేనూ వింటా,” అన్నాడు. ఆయన చెప్పలేదు. వాళ్లు బతిమాలుతూనే ఉన్నారు. ఆ బతిమాలడంలో ఉండగా పైనుంచి మెకానిక్కు గొంతు వినిపించింది.

అతను తాడుని గాడిలోకి తోసి, చేత్తో తిప్పే పిడి పెట్టి కొద్దికొద్దిగా తిప్పడం మొదలుపెట్టాడు. తొట్టి అడ్డదిడ్డంగా కుదుపుకుంటూ చదునైంది. బావమరిది చెయ్యి చాపి బెల్టు అందించాడు. పెయింటరు దాన్ని బిగించుకుంటుంటే మాస్టారు పట్టిన పట్టు వదలకుండా, “నిదానం, నిదానం,” అంటూ ఉన్నారు. తొట్టి పైకి లేచింది. చొక్కా చేయి బిగిసింది.

“ఇక వదలాలి నాయనా.”

“వద్దు సార్, ఇంకాస్త పట్టుకోండి.”

చేయి అందినంత మేరా పట్టుకుని, అప్పుడు వదిలారు.

పైనుంచి వాళ్లు డాబా మీద దిగిన కేకలు వినిపించగానే మా వాళ్లు ఒకర్నొకరు కావలించుకున్నారు. మాస్టారు బల్ల దిగలేకపోయారు. నలుగురం పట్టుకుని పసిపిల్లాణ్ణి దించినట్టు దించాం. చట్రం అంచు ఒరుసుకుని చేయి భుజం దాకా కమిలిపోయింది. “మంచినీళ్లు,” అన్నారు. రెండో చేత్తో గ్లాసు అందుకుని గడగడా తాగారు.

అకౌంటెంటు ఆయన ఎదురుగా నేల మీదే చతికిలబడ్డాడు. “మాస్టారూ, నన్ను సస్పెండ్ చేసిన రోజున నేను రాజీనామా మేనేజరు మొహాన కొట్టడానికి వెళ్తున్నాను. జేబులో ఉంది. మీకు తెలుసా?”

మాస్టారు ఖాళీ గ్లాసు చాపి ఇంకాసిని నీళ్లు పొయ్యమన్నారు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చెల్లెల్ని థియేటర్లోకి తీసుకెళ్లినప్పుడు ఆవిడ కూలబడిపోతుందనుకున్నాను. కూలబడలేదు. తలుపు తెరుచుకునేదాకా ఆ మహానుభావుణ్ణి తిట్టడానికే ఆవిడకి సమయం చాల్లేదు. నేను ఆయన్ని ఎంత తిట్టుకున్నానో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఆయన కాళ్లు ఇంకోసారి పట్టుకోవాలనీ అనిపించింది. “మా అమ్మ దగ్గర కూడా కావాలనే మొదలుపెట్టారా మాస్టారూ?” అని అడిగాను.

“ధైర్యం చెప్పడం నాకు చేతకాదు నాయనా,” అన్నారు చిన్నగా. “నాకు వచ్చింది ఇదొక్కటే.”

ఇంతలో గుమ్మంలో పెయింటరు ప్రత్యక్షమయ్యాడు. ఒంటి నిండా మీగడ రంగు చుక్కలు, వెనక బావమరిది. ఎవరు పలకరించినా వినిపించుకోకుండా తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఏదీ సార్, చెప్పండి. సస్పెన్సు.”

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. “సస్పెన్స్ అన్నా వేలాడటమే నాయనా.”

“తర్వాత?”

“తర్వాతేం లేదు.”

“పెద్ద కథన్నారు!”

“అబద్ధం చెప్పాను. నా దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయి. ఏం చెయ్యాలో తోచలేదు.”

పెయింటరు ఆయన వంక చాలాసేపు గుడ్లప్పగించి చూశాడు. “దీనికోసమా సార్ నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడింది?” అన్నాడు. అని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు, మొహమంతా రంగు పులుముకుంది. మాస్టారికీ నవ్వాగలేదు.

“పద బావా, లిఫ్టొచ్చింది,” అని బావమరిది పిలిచాడు. పెయింటరు లిఫ్టు దాకా వెళ్లి, లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగాడు.

“ఇదీ తాళ్లకే వేలాడుతుందా సార్?”

ఒక అబద్ధం చెప్పేసి ఉన్నారు కదా, ఇంకోటి చెప్పలేకపోయారు మాస్టారు. “తాళ్లకే నాయనా.”

“అయితే నేను మెట్ల మీంచి పోతా.”

“ఆగు, నేనూ వస్తాను,” అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు. బావమరిది ఒక్కడూ లిఫ్టులో వెళ్లాడు. మేం మెట్ల దగ్గర నిలబడి కిందికి చూశాం. వాళ్లిద్దరూ ఒక్కో మెట్టూ దిగుతున్నారు, పెయింటరు గోడ వైపు, మాస్టారు కూడా గోడ వైపే. ఎప్పుడు మొదలుపెడతారా అని మేం చెవులు రిక్కించాం. మాట్లాడుతున్నది మాత్రం పెయింటరు. మోటారు ఎలా ఆగిందో, తనకి ఎలా అనిపించిందో, ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. మాస్టారు ఊ కొడుతున్నారు. రెండంతస్తులు దిగాక పెయింటరు ఆగాడు.

“ఇంటికెళ్లి మా ఆవిడకి ఏమని చెప్పాలి సార్?”

“ఏమీ చెప్పకు నాయనా,” అన్నారు మాస్టారు. “ముందు అన్నం తిను.”

ఆయన అంత చిన్న జవాబు ఇవ్వడం మేమెవరం అంతకు ముందు వినలేదు.